అరసైజు తక్కువ బూట్లు

హోటల్ పనిలో ముందు పోయేవి పాదాలు. నడుము తర్వాత, మోకాళ్లు ఆ తర్వాత. పొద్దున్న అయిదింటికి షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి గల్లా లెక్క తేలేదాకా నిలబడే ఉండాలి. సాయంత్రానికి పాదాలు పొంగిపోయి చెప్పుల్లో పట్టవు. నేను సర్వరుగా చేరిన కొత్తలో, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్ద సర్వరు ఒకాయన ఉండేవాడు. రాత్రి హోటల్ మూశాక బకెట్లో వేడినీళ్లు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి, నా ముందు పెట్టి, "ముందు కాళ్లు చూసుకోరా అబ్బాయ్, పని అదే వస్తుంది" అనేవాడు. అందుకేనేమో, ప్యారిస్‌లో, లండన్‌లో పెద్ద హోటళ్లు నడిపిన సెజార్ రిట్జ్ గురించి చదివిన వాటిలో ఒక్క సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ మనిషి తన పాదానికి అరసైజు తక్కువ బూట్లు తొడుక్కునేవాడట.

తనవి పెద్ద పాదాలు, పొలంలో నడిచిన వంశం పాదాలు. ఎక్కడ దొరలు వాటిని చూసి, ఓహో పల్లెటూరివాడా అని పోల్చుకుంటారోనని బెంగ. రాజులు పేరు పెట్టి పలకరించే రోజులు వచ్చాక కూడా ఆ బెంగ తీరలేదు. ప్యారిస్‌లో, లండన్‌లో తివాచీల మీద తేలిపోతున్నట్టు కనిపించిన మనిషి, అడుగడుగునా నొప్పిని పంటి బిగువున పట్టుకునే నడిచాడు. ఆ నవ్వు వెనక అంత బాధ ఉందని ఏ అతిథికీ తెలియలేదు. తెలియనివ్వకపోవడమే ఆయన నేర్చిన విద్య.

నేను హోటల్లోకి అనుకుని రాలేదు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ, చేతిఖర్చుకు ఉంటుందని నాలుగు నెలల కోసం చేరాను. ముప్పై ఏళ్లు ఉండిపోయాను. రిట్జ్ అన్న పేరు మొదటిసారి విన్నది కూడా ఆ రోజుల్లోనే, హైదరాబాదులో. ఆదర్శనగర్ దగ్గర గుట్ట మీద హిల్ ఫోర్ట్ ప్యాలెస్ అని ఒక కోటలాంటి భవనం ఉంది. సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్నాడు. తర్వాత నిజాం తన కొడుకు మొజం జా కోసం కొన్నాడు. 1955లో అది రిట్జ్ హోటల్ అయింది. మా హోటల్‌కి వచ్చే పెద్దమనుషులు కొందరు రిట్జ్‌లో తాగిన టీ గురించి, ఆ పచ్చిక గురించి చెప్పుకుంటూ మా టిఫిన్లు తినేవారు. రిట్జ్ అంటే ఏదో ఇంగ్లిషు మాట అనుకున్నాను చాలాకాలం. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి కూడా నాలాగే బల్లలు తుడుస్తూ మొదలుపెట్టినవాడని తెలిసేసరికి ఆ గుట్టమీది హోటల్ మూతబడింది. ఆ భవనం ఏళ్ల తరబడి పాడుబడి ఉండిపోయింది. ఆ హోటల్‌కీ ఆయనకీ పేరు తప్ప మరో చుట్టరికం లేదు. అంతదూరం నడిచొచ్చిన పేరు అది.

స్విట్జర్లాండులో రోన్ నది పుట్టిన కొద్ది దూరంలోనే, కొండల మధ్య నీడర్‌వాల్డ్ అనే చిన్న పల్లె. ఎండకీ మంచుకీ నల్లబడ్డ చెక్క ఇళ్లు. అక్కడ 1850 ఫిబ్రవరి 23న సెజార్ పుట్టాడు. రైతు కుటుంబం. పదమూడో సంతానం, కడగొట్టువాడు. పదమూడో వాటాకి పొలం ఏం వస్తుంది? పన్నెండో ఏట సియోన్ పట్నంలో జెసూట్ గురువుల బడికి పంపారు. పదిహేనో ఏట బ్రీగ్ అనే ఊళ్లో ఒక హోటల్లో, ద్రాక్షసారా వడ్డించే పని నేర్చుకోవడానికి పెట్టారు. కొన్నాళ్లకి ఆ యజమాని పిలిచి చెప్పాడు: ఈ పనికి ఒక ప్రత్యేకమైన ఒడుపు పుట్టుకతో ఉండాలి, అది నీలో లేదు, ఉన్న మాట చెప్పడం నా ధర్మం అని. పంపించేశాడు.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడ ఆ యజమానిని ఎగతాళి చేసి ముందుకు పోతారు. నాకు మాత్రం ఆ కుర్రాడే కనిపిస్తాడు. పదిహేను పదహారేళ్ల వయసులో ఆ మాట పడ్డవాడు దాన్ని ఎక్కడ దాచుకుంటాడు? ఆ మాట తప్పని నిరూపించడానికే మిగిలిన బతుకంతా ఖర్చుపెట్టాడని నా నమ్మకం. పాతికేళ్లు పోయాక, ప్రపంచమంతా చప్పట్లు కొడుతున్నప్పుడు కూడా ఆ పిల్లవాడు లోపల నిలబడే ఉన్నాడు, చేతిలో ట్రే పట్టుకుని.

1867లో ప్యారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. పని దొరుకుతుందని అక్కడికి చేరాడు. సామాన్లు మోశాడు, బూట్లు తుడిచాడు, బల్లలు తుడిచాడు. అట్టడుగు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, ఆ కాలంలో పేరుమోసిన వ్వాజాన్ రెస్టారెంట్‌లో చేరాడు. ప్యారిస్ ముట్టడిలో చిక్కుకుని తిండికి కటకటలాడినప్పుడు జంతుప్రదర్శనశాల ఏనుగుల మాంసం వండి పెట్టిన చోటు అదే. గొప్పవాళ్లు వచ్చే ఆ చోట ఆయన నేర్చుకున్నది వంట కాదు, లెక్కలు కాదు. గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎవరికి ఏ మూల బల్ల ఇష్టం, ఎవరు మాంసం పలచగా కోయించుకుంటారు, ఎవరికి కాఫీ ముందు, ఎవరికి తర్వాత.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు ఒక్కరోజు సర్వరుగా చేసి చూడాలి. మా బాబాయ్‌కి రెండు వందల మంది ఇష్టాలు నోటికి వచ్చేవి. ఆ లాయరు గారికి దోసె ఎర్రగా కాలాలి, ఈ మేష్టారికి కాఫీలో పంచదార సగం, ఆ అమ్మ గురువారం ఉల్లి తినదు. కస్టమర్ కుర్చీలో కూర్చోకముందే వంటింట్లోకి కేక వెళ్లిపోయేది. కూర్చున్నాయన మొహంలో ఒక వెలుగు వచ్చేది, నన్ను ఒకడు గుర్తుపెట్టుకున్నాడని. ఆ వెలుగు కోసమే మా పని. దానికి బదులుగా మా తలలో మాకంటూ ఉండాల్సిన చోటు కొంచెం కొంచెంగా వాళ్లకి ఇచ్చేస్తాం. రిట్జ్ మొత్తం ఇచ్చేశాడు.

1873లో వియన్నా ప్రదర్శనలో పనిచేశాడు. యూరప్ రాచకుటుంబాలను దగ్గరగా చూసింది అక్కడే. తర్వాత స్విట్జర్లాండుకి తిరిగి వచ్చి, రిగి కొండ కొమ్మున, సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న హోటల్లో రెస్టారెంట్ చూసుకునే పనిలో చేరాడు. అక్కడ జరిగిన ఒక పూట ముచ్చట చెప్పుకోకపోతే ఈయన ఎవరో అర్థం కాదు.

ఎముకలు కొరికే చలి. హోటల్ వేడిచేసే యంత్రం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది, నలభై మంది అమెరికన్లు మధ్యాహ్నం భోజనానికి కొండెక్కి వస్తున్నారని. ఇంకొకడైతే క్షమాపణలు చెప్పి ఊరుకునేవాడు. రిట్జ్ బల్లలన్నీ పెద్ద భోజనశాల నుంచి తీయించి, ఎర్ర తెరలూ ఎర్ర గోడలూ ఉన్న చిన్న హాల్లో వేయించాడు. ఎరుపు చూస్తేనే సగం చలి పోతుందని. మొక్కలు పెట్టుకునే పెద్ద రాగి పాత్రలు ఖాళీ చేయించి, వాటిలో స్పిరిట్ పోసి మంట వెలిగించాడు. ఇటుకలు పొయ్యిలో కాల్పించి, గుడ్డల్లో చుట్టించి, ఒక్కొక్కరి పాదాల కింద ఒక్కొక్కటి పెట్టించాడు. మొదట పొగలు కక్కే సూప్, చివర మంటల్లో తెచ్చిన తీపి అట్లు. వచ్చినవాళ్లు చలి ఉందన్న సంగతే మరిచిపోయి కొండ దిగారు.

ఎంత ఆలోచించినా నా మనసు ఆ ఇటుకల దగ్గరే ఆగిపోతుంది. నలభై జతల పాదాల కింద వెచ్చటి ఇటుకలు సర్దిన మనిషి, తన పాదాలను చిన్న బూట్లలో ఇరికించుకున్న మనిషి, ఒక్కడే.

ఆ ముచ్చట ఆ నోటా ఈ నోటా పాకి లూసర్న్‌లో కల్నల్ ఫైఫర్ చెవిన పడింది. నష్టాల్లో ఉన్న తన గ్రాండ్ నేషనల్ హోటల్‌ని ఈయన చేతిలో పెట్టాడు. పల్లెటూరి కుర్రాడు మేనేజరయ్యాడు. ఎండాకాలం లూసర్న్, చలికాలం సముద్రతీరపు ఊళ్లు. మాంటీ కార్లోలో ఉండగా, 1884లో, వంటల మహామేధావి ఆగస్త్ ఎస్కోఫియే ఆయనకు జతపడ్డాడు. ఒకరు వంటింట్లో, ఒకరు హాల్లో. మన హోటళ్లలో మాస్టర్‌కీ మేనేజరుకీ ఉప్పూ నిప్పూ అన్నట్టుంటుంది సాధారణంగా. వీళ్లిద్దరూ ఒకరి నీడ ఒకరన్నట్టు నడిచారు. 1888 నాటికి మేరీ లూయీతో పెళ్లయింది. ఆమె కూడా హోటల్ వాళ్ల పిల్లే. ఆ తర్వాత ఆయనకు మిగిలినవన్నీ మోసింది ఆమే.

1889లో లండన్‌లో సవాయ్ హోటల్ తెరిచారు. రిచర్డ్ డోయ్లీ కార్ట్ దాని యజమాని. రిట్జ్‌ని పిలిపించాడు, ఎస్కోఫియే వెంట వచ్చాడు. అప్పటిదాకా లండన్‌లో పెద్దింటి ఆడవాళ్లు నలుగురిలో కూర్చుని హోటల్లో భోంచేయడం పరువు తక్కువ. వీళ్లు వచ్చాక అక్కడ భోంచేయకపోవడమే వెలితి అయింది. గాయని నెల్లీ మెల్బా పేరుతో ఎస్కోఫియే పీచ్ పళ్లూ ఐస్‌క్రీమూ కలిపి పెట్టిన పీచ్ మెల్బా ఆ సవాయ్ రోజుల్లో పుట్టిందే.

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. 1898 మార్చిలో రిట్జ్‌నీ, ఎస్కోఫియేనీ, వాళ్లతో ఉన్న ఎషెనార్‌నీ సవాయ్ యాజమాన్యం ఉన్నపళంగా తీసేసింది. £3,400 పైగా విలువైన ద్రాక్షసారాలూ మద్యమూ లెక్కకు రాలేదు. సరుకులు వేసేవాళ్ల దగ్గర కమీషన్లు, కానుకలు తీసుకున్నారన్నది ఇంకో నేరారోపణ. మొదట అన్యాయంగా తీసేశారన్నారు, కోర్టుకెక్కారు. చివరికి 1900 జనవరిలో ముగ్గురూ ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఆ కాగితాలు బయటపడింది 1980లలో. అంటే ఆయన బతికుండగా లోకానికి తెలియలేదు.

నేను ఆయన్ని ప్రేమించే ఈ మాట రాస్తున్నాను కాబట్టి దాచను. హోటల్లో కొనుగోళ్లు చూసినవాడికి ఈ రుచి తెలుసు. పండగకి స్వీటు డబ్బాతో మొదలవుతుంది. తర్వాత కూరగాయల మూట వెంట ఒక కవరు వస్తుంది. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, రెండోసారి వణకదు. నా కళ్లముందే మంచివాళ్లు అలా జారిపోవడం చూశాను. రిట్జ్ కూడా జారాడు. పెద్దవాళ్లతో పెద్దవాడిగా కనిపించాలంటే జీతం చాలదు. ఎవరికి కానుకగా ఏ సీసా వెళ్లిందో, ఏది రేపటి సొంత హోటల్‌కి పెట్టుబడి పెట్టగలవాడి బల్ల మీదికి చేరిందో గీత గీయడం కష్టం. కానీ అది ఆయన సొమ్ము కాదు. అది తప్పే. ఆ కాగితం మీద పెట్టిన సంతకం మనసులో గుచ్చుకుంటూనే ఉండి ఉంటుంది, బూటులో రాయిలాగా.

లోకం మాత్రం దాన్ని పతనమనుకోలేదు. సవాయ్ గుమ్మం దిగిన మూడు నెలల్లోపే, 1898 జూన్ 1న, ప్యారిస్‌లో ప్లాస్ వాన్‌దోమ్‌లో తన సొంత పేరుతో హోటల్ తెరిచాడు. పెట్టుబడి పెట్టిన వాళ్లలో మార్నియే లాపొస్తోల్ ఒకడు. అంతకుముందు అతని నారింజ మద్యానికి గ్రాండ్ మార్నియే అని పేరు పెట్టమన్నది రిట్జే. గదికో స్నానాలగది, గదికో టెలిఫోన్, అంతటా విద్యుద్దీపాలు. ఆ రోజుల్లో రాజుల కోటల్లో కూడా లేని వసతి అది. దుమ్ము పట్టే బరువైన తెరలు వద్దన్నాడు. గోడలకు కాగితం వద్దు, కడిగితే శుభ్రమయ్యే రంగు వేయమన్నాడు. క్షయ భయం ఉన్న కాలం. మంచం కింద కూడా గాలి ఆడాలన్నది ఆయన పట్టుదల.

దీపాల సంగతి ఇంకా గొప్పది. కొత్తగా వచ్చిన విద్యుద్దీపం కింద ఆడవాళ్ల మొహాలు పాలిపోయినట్టు కనిపిస్తున్నాయని ఆయన బాధ. ఏ రంగు గుడ్డ కప్పితే వెలుగు మెత్తబడుతుందో తేల్చడానికి మేరీని కుర్చీలో కూర్చోబెట్టి, రంగు తర్వాత రంగు మార్చి చూశాడు. రోజుల తరబడి. ఆమె ఓపిగ్గా కూర్చుంది. చివరికి ఆప్రికాట్ పండు రంగు, లేత గులాబీ కలిసిన ఆ నారింజ ఛాయ దగ్గర ఆగాడు. ఆ దీపం కింద కూర్చున్న ప్రతి మనిషీ, వాళ్లు ఎవరైనా, ఒక పూట అందంగా ఉన్నారు. అది తమ అందమే అనుకుని వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది లండన్‌లో కార్ల్‌టన్ హోటల్ తెరిచాడు. సవాయ్‌కి వచ్చే పెద్దలు చాలామంది ఆయన వెంట ఇక్కడికి నడిచారు. ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, రిట్జ్ ఎక్కడుంటే నేనక్కడే అన్నాడని చెప్పుకుంటారు. హోటల్ యజమానుల్లో రాజు, రాజుల హోటల్ యజమాని అని బిరుదు. ఈ రోజు ప్యారిస్, రేపు లండన్, ఎల్లుండి మరో ఊరు. రైలు దిగి పడవ, పడవ దిగి రైలు. ప్రతి హోటల్లో దుప్పటి మడత దగ్గర్నుంచి ఫోర్కు దూరం దాకా తన కంటితో చూస్తే గాని నిద్రపోడు. నిద్ర పోవడం ఎప్పుడో మానేశాడు.

1902. విక్టోరియా రాణి అంతకుముందు ఏడాదే పోయింది. ఎడ్వర్డ్ పట్టాభిషేకం జూన్ 26న అని ప్రకటించారు. ప్రపంచం నలుమూలల నుంచి రాజులు, రాయబారులు లండన్‌కి వస్తున్నారు. మన దేశం నుంచి మహారాజులు కూడా. కార్ల్‌టన్ గదులన్నీ నిండిపోయాయి. వారాల తరబడి రిట్జ్ ఒకే పనిలో ఉన్నాడు. మెనూలు, పూలు, దీపాలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పట్టికలు, అదనపు మనుషులు. తన జీవితంలో ఏనాడూ చేయనంత పెద్ద విందు. చిన్నప్పుడు ఒడుపు లేదని పంపేసినవాడు, ఇంగ్లండ్ రాజు పండగకి విందు పెడుతున్నాడు. ఆ పండగ దాటితే చాలు.

జూన్ 24న కబురు వచ్చింది. రాజుకి అపెండిక్స్ చెడింది. బకింగ్‌హామ్ కోటలోనే ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే సర్జన్ ఆపరేషన్ చేస్తున్నాడు. పట్టాభిషేకం వాయిదా.

ముందు అతిథులకి చెప్పాలి. చెప్పాడు. గొంతు వణకకుండా, ఎవరూ కంగారుపడకుండా. గదులు రద్దు చేసుకునేవాళ్లతో మాట్లాడాడు. బల్లలు సర్దిన హాల్లోకి వెళ్లాడు. నా కంటికి ఆ హాల్ కనిపిస్తుంది. పెళ్లి ఆగిపోయిన రోజు ఫంక్షన్ హాల్ చూసినవాడికి కనిపిస్తుంది. ఆకులు తెచ్చి ఉంటాయి, గాడిపొయ్యి మీద డేగిసాలు ఉంటాయి, పూలు ఇంకా వాడవు. వండినవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడతాడు. ఎవరి మీదా కోపం రాదు. ఎవరిదీ తప్పు కాదు. తప్పు ఎవరిదైనా ఉంటే బాగుండును, ఏదో ఒకటి అని తేలికపడవచ్చు. రాజు జబ్బుపడితే ఎవరిని అడుగుతాం?

ఆ రోజే రిట్జ్ కుప్పకూలిపోయాడు. వయసు యాభై రెండు.

ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. రాజు కోలుకున్నాడు. రిట్జ్ కోలుకోలేదు. మధ్యలో కొన్నాళ్లు బాగున్నట్టే ఉండేది, మళ్లీ చీకటి కమ్మేది. గలగలా మాట్లాడే మనిషి గదిలో ఒక మూల కూర్చుని గోడ చూస్తుండేవాడు. 1906లో లండన్ పికడిల్లీలో ఆయన పేరుతో రిట్జ్ హోటల్ తెరిచారు. 1910లో మాడ్రిడ్‌లో. గుమ్మం మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో వెలిగింది, ఆయన చేతిలో పని లేదు. ఇంగ్లిషులో ఆ పేరే ఒక విశేషణమైపోయింది, ఆడంబరానికీ వైభవానికీ. ప్రపంచమంతా రిట్జ్ అంటున్న కాలంలో రిట్జ్ తన మనుషుల పేర్లు కూడా ఒక్కొక్కటే వదిలేశాడు.

మా బాబాయ్ చివరి రోజుల్లో నేను చూడ్డానికి వెళ్లాను. మంచం మీద ఉన్నాడు, పక్షవాతం. నన్ను గుర్తుపట్టలేదు. గుమ్మంలో నన్నూ నా భార్యనూ చూసి, లేవబోతూ, "ఎంతమంది సార్? ఇద్దరేనా? అటు ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు. ఫ్యాను వైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంట్లో ఫ్యాను లేదు. నేను ఆ మూలకి వెళ్లి కూర్చున్నాను. కూర్చునేదాకా ఆయన పడుకోలేదు.

1912 దాటాక రిట్జ్‌ని ఇంట్లో ఉంచుకోవడం కుదరలేదు. ముందు లోజాన్‌లో ఒక ఆస్పత్రి, 1914లో కుస్నాఖ్త్ అనే ఊళ్లో మరొకటి. అది లూసర్న్ సరస్సు ఒడ్డున ఉంది. కుర్రవాడిగా తన తొలి వైభవం చూసిన నీళ్లు అవే, దగ్గర్లోనే రిగి కొండ. యుద్ధం వచ్చింది, సరిహద్దులు మూసుకున్నాయి. ప్యారిస్‌లో మేరీ హోటల్‌ని నడిపింది. 1918లో చిన్న కొడుకు రెనే పోయాడు. ఆ అక్టోబరులోనే, యుద్ధం ముగియడానికి వారాల ముందు, రిట్జ్ కూడా పోయాడు. పదహారేళ్ల చీకటి. అరవై ఎనిమిదేళ్ల బతుకులో పదహారేళ్లు.

ఎస్కోఫియే ఇంకా పదహారేళ్లు బతికాడు, ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన పతకం గుండె మీద పెట్టుకుని. మేరీ ఇంకా ఎక్కువ బతికింది. ఇరవై ఏళ్లు గడిచాక, 1938లో, భర్త జీవితం ఒక పుస్తకంగా రాసింది. చిన్న బూట్ల సంగతి, దీపాల సంగతి లోకానికి నిలిచింది ఆమె చలవే. ఆ దీపాల కింద కూర్చున్న వెలుగు ఆమె మొహం మీద ఎప్పుడూ ఉండి ఉంటుందని అనుకుంటాను. పెద్ద కొడుకు చార్లెస్ తర్వాత హోటల్ బాధ్యత తీసుకున్నాడు.

ఆమె 1961లో కన్నుమూసింది. ఆ ఏడాదే రిట్జ్ అవశేషాలను నీడర్‌వాల్డ్‌కి తీసుకువెళ్లారు. రోన్ లోయ పైకి, నల్లబడ్డ చెక్క ఇళ్ల మధ్యకి, పన్నెండేళ్ల పిల్లవాడు దిగివచ్చిన దారిలోనే వెనక్కి. అక్కడి మట్టిలో పడుకున్నవాళ్లంతా పొలాలు దున్నినవాళ్లు, పశువుల్ని కాసినవాళ్లు. అందరివీ అవే పాదాలు.